ఇవాళ ఏటి కూర?

మా ఇంటి వెనక గోడకి ఆనుకుని ఒక ఫంక్షన్ హాలు వెలిసింది. కంచరపాలెంలో ఇదివరకు రైలు కూత వినిపిస్తే మనుషులు మాట ఆపి, అది పోయాక మళ్లీ అందుకునేవారు. ఇప్పుడు ఈ హాలు స్పీకర్లకి కూడా ఆపాల్సి వస్తోంది. నిన్న సాయంత్రం డాబా మీద మైకు తొడుగులు ఆరేస్తున్నాను. మైకు తలకి తొడిగే నల్లటి స్పాంజి టోపీలు. సబ్బునీళ్లలో ఎంతసేపు నానబెట్టినా వాటి వాసన పూర్తిగా పోదు. వక్కపొడి, సెంటు, వేయించిన చేప, ఎవడో తాగిన విస్కీ, ఇంకెవరో నమిలిన సోంపు, అన్నీ కలిసి మనుషుల నోటి వాసన. తొడుగు పిండి ముక్కు దగ్గర పెట్టుకున్నానో లేదో, హాల్లోంచి మైకులో ఒక కుర్రాడి గొంతు వచ్చింది. "ఆంటీ, పేరు తరవాత సెప్దురు గానీ, ఇవాళ ఏటి కూర?" హాలంతా నవ్వింది. ఆవిడెవరో ఏదో చెప్పింది. మళ్లీ నవ్వారు. పాట మొదలైంది. పల్లవి దాటకుండానే ఆ తల్లి గొంతు పగిలిపోయింది.

నాకు ఒళ్లు మండింది. వాళ్లు నవ్వినందుకు కాదు. ఆ ప్రశ్న మొదట వేసిన మనిషెవరో ఆ కుర్రాడికి తెలియనందుకూ కాదు. బీచి రోడ్డు బార్ల నుంచి ద్వారకా నగర్ హోటళ్ల దాకా, పుట్టినరోజుల నుంచి పెళ్లి ముందు సంగీత్‌ల దాకా, ఈ ఊళ్లో కరోకే నడిపే ప్రతివాడూ ఇప్పుడు ఆ ప్రశ్నే వేస్తున్నాడు, తన జేబులోంచి తీసినట్టు. తీసుకోనీ. నాకు మండింది ఎందుకంటే, వీళ్లు ప్రశ్న పట్టుకున్నారు గానీ అది ఎందుకు వేస్తారో పట్టుకోలేదు. బిందె ఎత్తుకెళ్లి నీళ్లు నూతి దగ్గరే వదిలేశారు. ఆ ప్రశ్న పైడమ్మది. ఆవిణ్ని చూడని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

పైడమ్మ కంటే ముందు నా గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆవిడ ఏం చేసిందో అర్థం కాదు. నేను భోగాపురం వైపు పల్లెలో పుట్టి, మీసాలు రాకముందే పోర్టులో పనికి చేరినవాణ్ని. బడి చదువు తక్కువ. మొదట బరువులు మోశాను, తర్వాత క్రేను నేర్చుకున్నాను. మాతో పాటు గోదావరి నుంచీ కృష్ణ నుంచీ వచ్చినవాళ్లు చాలామంది ఉండేవారు. మంచివాళ్లే, చేబదుళ్లు ఇచ్చేవాళ్లే. కానీ టిఫిన్ షెడ్డులో క్యారేజీలు విప్పే వేళకి వాళ్లకి ఒక వేడుక కావాలి. "అప్పన్నా, ఏం కూర తెచ్చావు?" అని అడిగేవారు. "సేపలు" అనేవాణ్ని నేను. "ఏంటీ, వినపళ్లేదు, మళ్లీ చెప్పు" అనేవారు. మళ్లీ చెప్పేవాణ్ని. పక్క షెడ్డు వాళ్లని కూడా పిలిచేవారు. చాలాకాలం నాకు వాళ్లు ఎందుకు నవ్వుతున్నారో తెలియలేదు; మా ఇంటి కూర అంటే వాళ్లకి ఇష్టమనుకున్నాను. తెలిసిన రోజున క్యారేజీ మూత పెట్టేసి క్రేను ఎక్కేశాను. ఆ తర్వాత ఎప్పుడూ షెడ్డులో తినలేదు.

ఆ కోపంలోనే చదువుకున్నాను. లైబ్రరీలో పాత పేపర్లు, కట్ట ఊడిపోయిన పుస్తకాలు, ఏది దొరికితే అది. చదవడం ఒక్కటే చాలలేదు, మాట కూడా మార్చాలి. రేడియోలో వార్తలు చదివేవారి గొంతు పట్టుకున్నాను. క్రేను గది ఆకాశంలో ఉంటుంది, అక్కడ ఏమన్నా ఎవరికీ వినపడదు. ఓడలోంచి బొగ్గు ఎత్తుతూ, దించుతూ, ఏళ్ల తరబడి గాలికి వార్తలు చదివాను. చివరికి ఎంత పక్కాగా వచ్చిందంటే, కొత్తగా వచ్చిన గుమస్తాలు నన్ను మీది గుంటూరా అండీ అని అడిగేవారు. నా భార్య నూకాలు మాత్రం, "నువ్వింట్లోకొత్తే రేడియో ఎట్టినట్టుంటాది. ఆపడానికి మీట కనబడదు" అనేది.

రిటైరయ్యాక వీధి అరుగు మీద రేడియోలూ ఆంప్లిఫయర్లూ బాగుచేసేవాణ్ని. అదీ పుస్తకాలు చూసి నేర్చుకున్నదే. ఒకరోజు ఉదయం ఒక ఆటో ఆగింది. గళ్లచీర కట్టిన, నలభై దాటిన ఆవిడ దిగి, ఒక ఆంప్లిఫయర్‌ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చి నా ముందు పెట్టింది.

"అన్నియ్యా, ఇది సచ్చిపోనాది. సాయంత్రానికి లెగాల" అంది.

"ఏమైంది దీనికి? పొగ వచ్చిందా, శబ్దం మాత్రమే ఆగిపోయిందా?" అన్నాను నా వార్తల గొంతుతో.

ఆవిడ ఆంప్లిఫయర్‌ని వదిలేసి నన్ను చూడ్డం మొదలుపెట్టింది. "నీదేవూరు?"

"విశాఖపట్నమే."

"అది సరే. అంతకుముందు?"

స్క్రూలు విప్పుతూ కూర్చున్నాను. అలా వచ్చిన పైడమ్మతో తర్వాత కొన్నేళ్లు ఊరంతా తిరిగాను. ఆవిడ దగ్గర సౌండు చూసే మనిషి గల్ఫు వెళ్లిపోయాడు. ఆ పని నాకు ఇచ్చింది. నాకంటే చాలా చిన్నది, నాకు యజమాని.

ఒకప్పుడు ఆవిడ ఆర్కెస్ట్రాలో కోరస్ పాడేది. పండగ పందిళ్లలో వెనక వరసలో నిలబడి ముందు పాడేవాళ్లకి వంత. కరోకే వచ్చాక ఆర్కెస్ట్రాలకి పిలుపులు తగ్గిపోయాయి. మిగతావాళ్లు కరోకేని తిట్టుకుంటూ ఇళ్లకి పోయారు. ఈవిడ వెళ్లి ఒక లాప్‌టాపూ రెండు మైకులూ కొనుక్కుని, ఏ బారు తలుపు తెరిచి ఉంటే ఆ బార్లోకి నడిచి, "సాయంత్రాలు మీ కస్టమర్ల చేత నాను పాడిస్తాను" అని అడిగింది. చీర కట్టుకున్న ఆడమనిషి బార్లో మైకు పట్టుకోవడమేమిటని మొదట్లో అందరూ వింతగా చూశారట. "నాను తాగడానికి రానేదు బాబూ, తాగినోల్లని నిలబెట్టడానికొచ్చాను" అందిట.

నాకు కరోకే అంటే చులకన. ఆ మాట ఆవిడ మొహం మీదే అన్నాను. "ఇదేం సంగీతం? పాటలోంచి గొంతు తీసేసి వాయిద్యాలు మాత్రం అమ్ముతున్నారు. పీనుగకి నగలు పెట్టినట్టు" అన్నాను. ఆవిడ వైర్లు చుడుతూ నవ్వింది. "గొంతు ఎవులికోసం తీసినారనుకున్నావు? ఇంటికి సుట్టాలొత్తే కుర్సీలోంచి మనం లేసి నిలబడమా? ఆ పెద్ద పాటగాడు లేసి కుర్సీ ఇచ్చినాడు, అంతే." ఆ మాటకి నాకు కోపం ఇంకా ఎక్కువైంది.

అసలు కోపం మాత్రం ఆవిడ ప్రశ్న మీద. బార్లో గానీ, అపార్టుమెంటు డాబా మీద పుట్టినరోజు గానీ, పాడటానికి ఎవరు పైకొచ్చినా మైకు వాళ్ల నోటి ముందు పెట్టి, "పేరు తరవాత సెప్దురు, ముందు మీ ఇంట్లో ఇవాళ ఏటి కూర?" అని అడిగేది. జనం నవ్వేవారు. పైకొచ్చిన మనిషి బీరకాయనో, కోడిగుడ్డనో చెప్పేవాడు. "గుడ్డు పొరటా, పులుసా?" అని ఇంకోటి వేసేది. మళ్లీ నవ్వు. అక్కడ సౌండు బాక్సు వెనక కూర్చున్న నాకు ఆ ప్రశ్న విన్నప్పుడల్లా టిఫిన్ షెడ్డు గుర్తొచ్చేది. నా జీవితం మొత్తం ఏ ప్రశ్న నుంచి పారిపోయానో, ఆ ప్రశ్నని ఈవిడ స్పీకర్లలో పెట్టి ఊరంతా వినిపిస్తోంది.

ఒకరోజు సామాను సర్దుతూ ఉండబట్టలేక అడిగేశాను. "మన మాట మీద మనమే నవ్వించుకోవడం ఎందుకు పైడమ్మా? సినిమావాళ్లు చేస్తున్నది చాలదా? వంటవాడికీ దొంగకీ మన యాస పెట్టి నవ్వుకుంటారు. నువ్వూ అదే చేస్తున్నావు."

"ఆల్లు నవ్వుతన్నది మాటకి కాదన్నియ్యా" అంది. "బీరకాయకి."

"బీరకాయలో నవ్వేముంది?"

"అందరింట్లో అదే ఉంది కదా. అందుకు."

అక్కడితో ఆపేసింది. ఎదుటివాడికి తట్టేదాకా ఊరుకోవడం ఆవిడకి అలవాటు. నాకు తట్టడానికి ఒక పెద్ద దెబ్బ తగలాల్సి వచ్చింది.

బీచి రోడ్డు మీద ఒక హోటలు, పేరెందుకు, ఇప్పుడు చేతులు మారింది. అందులో కొత్తగా బారు పెట్టారు. అప్పటికి పైడమ్మకి బార్లు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. కోటు వేసుకుని, సగం ఇంగ్లీషు మాట్లాడే కుర్ర యాంకర్లు వచ్చారు. ఈ హోటల్లో ప్రతి శుక్రవారం సాయంత్రం దొరికితే ఆవిడ నిలబడుతుంది. దొరక్కపోతే తగరపువలసలో చెల్లెలి బజ్జీల బండి దగ్గర నిలబడాలి. చెల్లెలు ఎప్పటినుంచో రమ్మంటోంది. "బజ్జీలు ఎయ్యడం నామోషీ కాదన్నియ్యా. కానీ ఆ నూని సప్పుడులో నా గొంతు నాకినబడదు" అంది నాతో. ఆవిడ నోట భయం విన్నది ఆ ఒక్కసారే.

మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు. "మేడమ్, మీ ఎనర్జీ బాగుంది. కానీ మా గెస్టులు వేరు. ఆ భాషా, ఆ కూర జోకూ ఇక్కడ పనికిరావు. ఆదివారం మధ్యాహ్నం మా ఓనరు గారి వియ్యంకుడి రిటైర్మెంటు పార్టీ ఉంది. స్టీలు ప్లాంటులో పెద్ద ఇంజినీరుగా చేశారు. అది నీటుగా నడిపించండి, శుక్రవారాలు మీవి. లేదంటే వేరే యాంకర్ని చూసుకుంటాం." బయటికొచ్చాక పైడమ్మ మెట్ల మీద కూర్చుంది. సముద్రం వైపు చూసి, తర్వాత నావైపు చూసింది. "నీ రేడియో బాస నాకు నేరుపుతావా?" అంది.

నేను ఎంత సంబరపడ్డానో చెప్పలేను. నా చదువు మొత్తం ఎవరికైనా పనికొచ్చే రోజు వచ్చింది. ఆ రాత్రే కూర్చుని ఆవిడకి మాటలు రాసిచ్చాను. 'మాన్య అతిథులారా, ఈ ఆనంద శుభవేళ మీ అందరికీ హృదయపూర్వక స్వాగతం. ఇప్పుడు తమ మధుర గళంతో మనల్ని అలరించడానికి విచ్చేస్తున్నారు...' ఇలా. ఆ వారమంతా మా అరుగు మీద బడి నడిచింది. చేపలు అనమ్మా, చే. సముద్దరం కాదు, స-ముద్రం, ద కింద ర ఒత్తు. ఆవిడ పలక పట్టిన పిల్లలా తు.చ. తప్పకుండా అప్పజెప్పింది. వంటింట్లోంచి నూకాలు వింటూ వింటూ బయటికొచ్చి, "ఆ మనిసి పీక పిసికేత్తన్నావు. ఆయమ్మకి నీకొచ్చిన రోగం అంటించకు" అని కాఫీ గ్లాసులు అక్కడ పెట్టి వెళ్లిపోయింది. నేను నవ్వేశాను.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండింది. తెల్లటి టేబులు గుడ్డలు, మల్లెపూలు, పేర్లు చదవడానికి నోరు తిరగని వంటకాలు. పైడమ్మ పట్టుచీర కట్టుకుని, కాగితం పట్టుకుని, నేను నేర్పినట్టే మొదలుపెట్టింది. ఒక్క అక్షరం తప్పలేదు. జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు. మొదట ఒక బాంకు ఆఫీసరు పైకి వచ్చాడు. "తమ అభిమాన గీతం గురించి రెండు మాటలు చెప్పండి" అని అడిగింది. ఆయన గొంతు సవరించుకుని, "థాంక్యూ వెరీమచ్, ఇట్స్ మై ప్లెజర్" అన్నాడు. పాట మొదలైంది. చరణానికి వచ్చేసరికి గొంతు అందక, దగ్గి, నవ్వి, దిగిపోయాడు. తర్వాత ఒకమ్మాయి వచ్చింది. అంతే అందంగా మాట్లాడింది, అంతే దారుణంగా ఇరుక్కుపోయింది. మూడో ఆయన మధ్యలో ఆపేసి, "ఈ మెషీను బాగాలేదండీ" అన్నాడు. ఇంక ఎవరూ లేవలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ మేనేజరు వాచీ చూసుకున్నాడు.

ఆ మూడో ఆయన మాట్లాడుతుండగానే నేను పైడమ్మ ఎడమ చెయ్యి చూశాను. కరోకేలో పాట శ్రుతిని దించడానికీ ఎక్కించడానికీ ఒక నాబ్ ఉంటుంది. అది ఆవిడ ఎప్పుడూ తన పక్కనే పెట్టుకునేది. చెయ్యి ఊరికే అలా ఆనించుకుని నిలబడటం అలవాటు కాబోలు అనుకునేవాణ్ని ఇన్నాళ్లూ. ఇప్పుడు చూస్తే, మనిషి మాట్లాడుతుంటే ఆవిడ బొటనవేలు ఆ నాబ్ మీద కదులుతోంది. వాళ్ల మాట ఎంతలో ఉందో విని, పాటని తెచ్చి అక్కడ పెడుతోంది. పాడబోయే మనిషికి తెలియకుండా, చూసేవాళ్లకి తెలియకుండా, అతని గొంతుకి సరిపోయేలా పాట కొలత మారుస్తోంది. వాళ్లని నవ్విస్తూ అన్నేళ్లు ఆవిడ చేసిన పని అదీ. ఇవాళ పాటలు ఎందుకు పగిలిపోతున్నాయో కూడా నాకు అప్పుడే తట్టింది. ఇవాళ వీళ్లు మాట్లాడుతున్నది వాళ్ల గొంతుతో కాదు. మర్యాద కోసం పైకి లాగిన గొంతుతో. పైడమ్మ ఆ అరువు గొంతుకి పాటని సరిచేస్తోంది. పాట మొదలయ్యాక అరువు గొంతు నిలబడదు, సొంత గొంతు అంత ఎత్తు అందుకోలేదు. నేను రాసిన మాన్య అతిథులారా వాళ్లందరినీ బిగదీసి కూర్చోబెట్టింది.

ఆ క్షణంలో ఆవిడ కూడా నావైపు చూసింది. తప్పు ఎక్కడుందో ఆవిడకి నాకంటే ముందే తెలిసినట్టుంది. కానీ కాగితం వదిలేస్తే శుక్రవారాలు పోతాయి.

ఇంతలో బంధువులంతా కలిసి ఇంజినీరు గారిని పైకి తోశారు. పెద్దాయన, ఈ ఊళ్లో చాలామందికి సార్. సూటు వేసుకుని, మైకుకి రెండడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఐ డోంట్ సింగ్. ప్లీజ్ ఎక్స్‌క్యూజ్ మీ" అన్నాడు. ఆయన దిగిపోతే పార్టీ అక్కడితో అయిపోయినట్టే. మేనేజరు గుమ్మం వదిలి ముందుకి నడవడం మొదలుపెట్టాడు.

పైడమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, సౌండు బాక్సు మీదుగా వంగి, నా చొక్కా జేబులో పెట్టింది. మైకు తీసుకెళ్లి ఆయన నోటి ముందు పెట్టింది.

"పాట సంగతి ఒగ్గీయండి బాబూ. ఇవాళ ఏటి కూర?"

మేనేజరు ఆగిపోయాడు. ఇంజినీరు గారు ఒకసారి వంటకాల బల్ల వైపు చూశాడు. తర్వాత మొహం మీద ఏదో కదిలింది.

"ఇక్కడా, ఇంటికాడా?" అన్నాడు.

ఇంతసేపూ వినపడిన గొంతు కాదది. గుండెల కింద నుంచి, బావిలోంచి చేద లాగినట్టు వచ్చింది.

"ఇంటికాడే బాబూ."

"ఎండు నెత్తల్ల సేపలేసి వంకాయ" అన్నాడాయన. "మాయావిడ వొండదు, కంపంటాది. పొద్దున్నే లేసి నానే వొండుకున్నాను."

ముందు వరసలో కూర్చున్న ఆయన భార్య, కృష్ణా జిల్లా మనిషి, ఉన్నచోటి నుంచే గట్టిగా అంది. "ఉన్న అగరొత్తులన్నీ వెలిగించానండీ. పక్క ఫ్లాటువాళ్లు ఇవాళ ఏం పూజని అడిగారు."

హాలు విరగబడి నవ్వింది. ఆయన కూడా నవ్వుతున్నాడు, కళ్లు తుడుచుకుంటూ. "మాయమ్మ అందులో చింతసిగురు ఏసేది. ఇప్పుడెవులికి దొరుకుతాది" అన్నాడు. నేను ఆయన్ని చూడలేదు. పైడమ్మ బొటనవేలు చూశాను. అది నెమ్మదిగా తిరిగి, ఒకచోట ఆగింది. పాట మొదలైంది. ఏదో పాత పాట, పడవ మీద పాడుకునేది. ఆయన మొదటి మాట అందుకోవడమే పాట మధ్యలో కూర్చున్నట్టు అందుకున్నాడు. ఎక్కడా పగల్లేదు. ఆయన గొంతు అంత బాగుందని కాదు. ఆ గొంతుకి సరిగ్గా కొలిచి కుట్టిన పాట అది. చివరి చరణంలో ఆయన భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. తర్వాత నాతో ఎవరో చెప్పారు, ఆయన పాడగా ఆవిడ పెళ్లయిన తర్వాత వినలేదట.

ఆ తర్వాత ఎవర్నీ పిలవాల్సిన పని లేకపోయింది. వరస కట్టారు. ఆయన భార్యని అడిగితే, "గోంగూర పచ్చడి ఉండగా మళ్లీ కూరెందుకండీ" అని, పాడింది. బాంకు ఆఫీసరు మళ్లీ వచ్చి, "నిజం చెప్పమంటారా, నిన్నటి సాంబారు" అని, ఈసారి చరణం దాటి పూర్తిగా పాడాడు. గోదావరి వాళ్లు గోదావరి మాటల్లో చెప్పారు, మనవాళ్లు మన మాటల్లో చెప్పారు. ఎవరి మాటకీ ఎవరూ నవ్వలేదు. బీరకాయకే నవ్వారు. పైడమ్మ చెప్పింది నిజం. చివరికి జనం మేనేజరుని కూడా పట్టుకుని మైకు ముందు నిలబెట్టారు. ఆయన చాలాసేపు టై సర్దుకున్నాడు. ఆయనది బరంపురం అవతల అని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. పైడమ్మ అడిగితే ఒడియాలో చాలాసేపు ఏదో చెప్పాడు. కూరముక్కలు వేసి వాళ్లు చేసుకునే పప్పు, డాల్మా, ఆ మాట ఒక్కటే మాకు అర్థమైంది. మిగతాదంతా వాళ్లమ్మ గురించి అయ్యుంటుంది, మొహం అలా ఉంది. పాడాక మైకు ఇచ్చేస్తూ, "ఫ్రైడే సిక్స్‌కి వచ్చేయండి, మేడమ్" అన్నాడు.

తిరుగు ఆటోలో సామాను మధ్య ఇరుక్కుని కూర్చున్నాం. "బొటనవేలి సంగతి ముందే చెప్పచ్చు కదా" అన్నాను.

"సెప్తే పుస్తకంలో రాసుకుందువు" అంది. తర్వాత, "కోరస్‌లో వెనకాల నిలబడి నిలబడి నాకు తెలిసినాదన్నియ్యా. ముందు పాడేవోడు మాటాడినప్పుడే తెలిసిపోద్ది, ఇయాల ఎంత అందుకుంటాడో. కానీ ఆడి నిజం మాట ఇనాల. పేరు అడిగితే నిజం గొంతు రాదు, ఉజ్జోగం అడిగితే అసలే రాదు. కూరడిగితే వత్తాది. తోటకూర తిన్నోడు బిర్యానీ అని సెప్పినా, గొంతు తోటకూర కాడే ఉంటాది."

శుక్రవారం అన్న మాట ప్రకారం ఆరింటికి హోటల్లో ఉన్నాం. బారు నిండా జనం. ఆదివారం వచ్చిన ఇంజినీరు గారు తన వాళ్లందరినీ వెంటబెట్టుకుని వచ్చారు. పైడమ్మ మైకు పట్టుకుని మొదటి పేరు పిలిచింది. "మా అప్పన్న అన్నియ్య."

నేను వైర్ల మధ్య ఇరుక్కున్నట్టు నటించాను. కుదరలేదు. వచ్చి నా మణికట్టు పట్టుకుంది. మైకు పెట్టింది. "ఇవాళ ఏటి కూర?"

"ఈరోజు మా ఇంట్లో చేపల పులుసు వండారు" అన్నాను.

పాట పెట్టలేదు. నాబ్ మీద వేలు కదల్లేదు. "ఏటి కూర?" అంది మళ్లీ.

"చేపల పులుసు."

"నాకినబళ్లేదు. ఏటి కూర?"

అవే మాటలు. టిఫిన్ షెడ్డులో వినపళ్లేదు, మళ్లీ చెప్పు అన్నవాళ్లు వాడిన మాటలే. కానీ అడిగిన మనిషి మొహంలో నవ్వు లేదు. నిజంగా వినాలని అడుగుతోంది. బారులో అంతమంది ఉన్నారు, ఎవరూ నవ్వడానికి సిద్ధంగా లేరు, అందరూ వినడానికే ఉన్నారు. నలభై ఏళ్లు క్రేను గదిలో గాలికి చదివిన వార్తలన్నీ ఒక్కసారి గొంతులోంచి దిగిపోయినట్టనిపించింది.

"సేపల పులుసే" అన్నాను. "మా నూకాలొండింది. ఉప్పు ఎక్కువేసింది. నాను సెప్పనేదు, సెప్తే రేపు సప్పగా ఎడతాది."

బారంతా గొల్లుమంది. అది నేను ఇదివరకు విన్న నవ్వు కాదు. పైడమ్మ బొటనవేలు తిరిగింది, నాకోసం. పాట వచ్చి నా గొంతు దగ్గర ఆగింది. ఏం పాడానో సరిగ్గా గుర్తులేదు. చివరికి ఇంజినీరు గారు లేచి నిలబడి, "మనోడే" అన్నారు గట్టిగా. అది మాత్రం గుర్తుంది.

ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ శుక్రవారాలు నడిచాయి. ఆవిణ్ని చూసి కోటు వేసుకున్న యాంకర్లు కూడా కూర అడగడం మొదలుపెట్టారు. నేను కోపంతో ఊగిపోతుంటే, "అడగనీ అన్నియ్యా. ఊరోల్లందరూ ఏటి తింటన్నారో తెలుస్తాది కదా" అని నవ్వేది. చివర్లో జబ్బు చేసి ఆసుపత్రిలో పడుకున్నప్పుడు చూడ్డానికి వెళ్లాను. మాట బాగా సన్నగిల్లింది. జ్వరం చూడ్డానికి కొత్త నర్సు వచ్చింది, బిక్కమొహం వేసుకుని. పైడమ్మ కళ్లు తెరిచి, "ఏటమ్మా కూర?" అంది. ఆ పిల్ల నవ్వి, "హాస్టల్లో పప్పేనండీ, రోజూ పప్పే" అంది. దుప్పటి మీద పైడమ్మ బొటనవేలు తిరగడం నేను చూశాను. ఎంతవరకు తిరగాలో అంతవరకు తిరిగి ఆగింది. పిల్ల వెళ్లిపోయాక, "బాగా పాడతాది" అంది నాతో.

నిన్న సాయంత్రం తొడుగులు తీగ మీద వదిలేసి, మెట్లు దిగి, సందు చుట్టూ తిరిగి ఆ ఫంక్షన్ హాల్లోకి వెళ్లాను. కరోకే నడిపే కుర్రాడు లాప్‌టాప్ వెనక నిలబడి ఉన్నాడు.

"తాతా, మీరు పెల్లికొడుకు తరపా, పెల్లికూతురి తరపా?" అన్నాడు.

"గోడ తరపు" అన్నాను. "ఇందాకటావిడ ఏటి కూరంది?"

"బెండకాయ ఏపుడు. బాగా పేలింది కదా తాతా."

"కూర పేలింది, పాట పగిలింది. ఎంతలో అంది?"

"అంటే?"

"ఆవిణ్ని మల్లీ పిలు. ఈసారి నవ్వించడం మానేసి విను."

వాడికి ఎదురు చెప్పడానికి టైము లేకపోయింది. ఆవిడ అప్పటికే చెమర్చిన కళ్లతో కుర్చీలోంచి మైకువైపే చూస్తోంది. పిలిచాడు. వచ్చింది. కూర అడిగాడు. "చెప్పాను కదా బాబూ, బెండకాయ" అందావిడ, ఈసారి అలిసిపోయి, తగ్గి, తన ఇంట్లో మాట్లాడినట్టు. కుర్రాడు నావైపు చూశాడు. నేను నాబ్ చూపించాను. వాడు తిప్పాడు, ఎక్కువ తిప్పాడు, నేను వేలు పెట్టి కొంచెం వెనక్కి తెచ్చాను. ఆవిడ పాడింది. పల్లవి దాటింది, చరణం దాటింది, చివరికొచ్చి పెళ్లికూతుర్ని దగ్గరికి లాక్కుంది. హాలు లేచి నిలబడింది. కుర్రాడు నాబ్ వైపు, దాని మీద ఉన్న నా చేతి వైపు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఎవరు నేర్పారు తాతా ఇది?" అన్నాడు.

"కూకో, సెప్తాను" అన్నాను.

ఇప్పటికీ నాతో ఎవరు మాట్లాడినా, కూరగాయలమ్మే మనిషి గానీ, బాంకు కిటికీలో పిల్ల గానీ, ఫోనులో తప్పు నంబరు గానీ, నా ఎడమచేతి బొటనవేలు దానంతటదే కొంచెం కదులుతుంది. వాళ్ల కోసం పాట ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటుంది.